మాస్కు ఎందుకు పెట్టుకోలేదని అడిగేవాళ్లకు

(మురుగు పనికి పోయే కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మ్యాన్‌హోల్‌లో మనవాడు చచ్చిపోతే ముందుగా వచ్చే మాట ఏందో మీకు తెలుసు. ‘మాస్కు లేకుండా దిగాడు.’ రెండో మాట, ‘తాగి ఉన్నాడు.’ పోస్టుమార్టం కాకముందే రెండూ తయారు. కాంట్రాక్టరు అంటాడు, ఇంటి ఓనరు అంటాడు, తెల్లారి పేపరూ అదే రాస్తది. శవం జవాబు చెప్పదు గదా. ఇది మనకి కొత్త గాదు. 1985లో కారంచేడులో అడ్డంగా బిందె ఎత్తిన మనిషిదే తప్పన్నారు. 1991లో చుండూరులో సినిమాహాల్లో కాలు తగిలిన కుర్రోడిదే తప్పన్నారు.

సరే, ఆ మాస్కు సంగతే చూద్దాం. ఏ మాస్కు? మూతికి కట్టుకునే గుడ్డ దుమ్మును ఆపుద్దేమో గాని విషవాయువును ఆపదు. మురుగు కుళ్లినచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతది. కుళ్లిన కోడిగుడ్డు కంపు దానిదే. అయితే మోతాదు పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తది. ‘కంపు పోయింది, ఇంక దిగొచ్చు’ అనుకున్నవాడు అక్కడే కూలిపోతాడు. ఈ ఒక్క సంగతి ఇంటింటికీ చెప్పండి. అట్లాంటి గుంతలో దిగాలంటే పైనుంచి మంచి గాలి పంపే గొట్టం కావాల, గ్యాసు కొలిచే మీటరు కావాల, నడుముకి బెల్టు, లాగే తాడు, తాడు పట్టే మనుషులు కావాల. రోజు కూలికొచ్చినవాడు ఇవన్నీ ఇంటినుంచి సంచిలో తెచ్చుకోవాలా?

తాగుడును మేం వెనకేసుకు రావడం లేదు. కాని ఆ కంపులోకి మనిషిని తోసి, తాగాడని వేలు చూపించేవాళ్లు ఒక్క పూట ఆ మూత పక్కన నిలబడి చూడాల.

2013 చట్టం సూటిగా చెప్పింది. రక్షణ సామాను ఇవ్వకుండా మురుగుకాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపితే నేరం దింపినవాడిది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నాన్ బెయిలబుల్ కేసు. 1993 నుంచి ఇట్లా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలు ఇమ్మని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో ముప్పై లక్షలు చేసింది.

మరి మనవాళ్లకి మనం జాగ్రత్త చెప్పొద్దా? చెప్పాల. బతికున్నప్పుడు చెప్పాల. ఒకడు లోపల పడిపోతే రెండోవాడు దూకొద్దు. అన్న కోసం తమ్ముడు దిగి ఇద్దరూ పోయిన ఇళ్లున్నాయి. కేకెయ్యండి, 101కి ఫోన్ చెయ్యండి. ఇది చెప్పినంత తేలిక గాదు, అన్న లోపల కొట్టుకుంటుంటే కాళ్లు ఆగవు. అందుకే ముందే చెప్పుకోవాల.

‘దిగను’ అనడం కూడా ఒక్కడివల్ల అయ్యే పని గాదు. వీడు కాదంటే కాంట్రాక్టరు పక్కింటోణ్ని పిలుస్తాడు, వాడింట్లోనూ పొయ్యి వెలగాల. పేటంతా ఒక్కమాట మీదుంటేనే మిషను తెస్తాడు.

జరగరానిది జరిగితే ఖాళీ కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు. ‘ప్రమాదవశాత్తు’ అని రాసుకుపోనియ్యొద్దు. 2013 చట్టం కింద కేసు రాయమనండి, అట్రాసిటీ చట్టం కూడా పెట్టమని అడగండి. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదు చేసినవాళ్లకి ఉచితంగా ఇవ్వాల. అది చేతికొచ్చిందాకా స్టేషను దగ్గర్నుంచి కదలొద్దు.