స్పర్శజ్ఞానము: దేహానికి కావలి



ఈ ప్లాటినం జూబిలీ వేదికపై పాఠశాల చరిత్ర చెప్పడానికి నాకంటె అర్హులైనవారు సభలో ఎందరో ఉన్నారు. నేను విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయినిగా ఒక పాఠం మాత్రమే చెబుతాను. దానిని నేను ఒక విద్యార్థి వద్ద నేర్చుకొన్నాను.

చాలా సంవత్సరాల క్రితం ఎనిమిదవ తరగతి బాలుడొకడు కుడిచేతి చిటికెనవేలిపై, ఉంగరపువేలిపై బొబ్బలతో బడికి వచ్చాడు. పొయ్యి మీది గిన్నె దించానన్నాడు. కొన్ని వారాలకు మళ్ళీ బొబ్బలు. "ఇంత అజాగ్రత్త ఏమిటి?" అని అందరి ఎదుట మందలించాను. "కాలినట్టు తెలియలేదు మేడం" అన్నాడు. సాకు అనుకొన్నాను.

చర్మంలో పలువిధాల నాడీకొనలున్నాయి. తేలికపాటి తాకిడిని మైస్నర్ కణికలు, కంపనాన్ని లోతున ఉన్న పాసినియన్ కణికలు గ్రహిస్తాయి. మన ఆవని రామలింగేశ్వర దేవాలయంలో కళ్ళు మూసుకొని స్తంభాన్ని తడిమితే చెక్కడపు అంచులు వేలికి తెలియడం మెర్కెల్ కణాల చలవ. నొప్పికి ఇటువంటి కణికలు లేవు. కొమ్మలుగా చీలిన విడి నాడీకొనలే ఆ పని చేస్తాయి. కొండ ఎక్కుతూ కాలివేలిని రాతికి కొట్టుకొన్నప్పుడు గమనించండి: ముందు తాకిడి, వెంటనే చురుకు, ఆ తరువాత సలుపు. స్పర్శను మోసే లావుపాటి నాడీతంతువులలో వార్త సెకనుకు పదుల మీటర్లు పరుగెత్తుతుంది. సలుపును మోసే సన్నని తంతువులలో సుమారు ఒక మీటరే.

మిరపకాయ తింటే నోరు ఎందుకు మండుతుంది? 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీనికి సమాధానం కనుగొన్నది. నాడీకొనలలోని ఒక ప్రోటీను ద్వారం సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడికి తెరుచుకొంటుంది. మిరపలోని కాప్సైసిన్ కూడా ఆ ద్వారాన్నే తెరుస్తుంది. మెదడుకు రెండింటికీ తేడా తెలియదు! ఒత్తిడిని గ్రహించే ప్రోటీనులను 2010లో ఆర్డెమ్ పటపూటియన్ బృందం గుర్తించింది. 2021లో వీరిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఇక స్థితిజ్ఞానం. కళ్ళగంతలాటలో కూడా మన చేయి ముక్కును తప్పక చేరుతుంది. కండరాలలోను, కీళ్ళలోను ఉన్న గ్రాహకాలు అవయవాల ఉనికిని మెదడుకు నిరంతరం చెబుతుంటాయి. మన జిల్లాలోని బంగారు గనులు 2001లో మూతపడేవరకు, మూడు కిలోమీటర్లకు పైబడిన లోతున, ఉడికించే వేడిలో, చిన్న దీపపు వెలుగులో కార్మికులు పనిచేశారు. అడుగు ఎక్కడ పడుతున్నదో కంటికంటె కాలే ముందు చెప్పవలసిన చోటు అది.

ఆ బాలుని విషయానికి వస్తాను. ఊరికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త అతని ముంజేతిపై పాలిపోయిన మచ్చను చూచి, కళ్ళు మూయించి దూదిపోగుతో తాకాడు. బాలునికి తెలియలేదు. అది కుష్ఠువ్యాధి. ఆ సూక్ష్మజీవి చల్లగా ఉండే భాగాలను, చర్మానికి దగ్గరగా ఉన్న నాడులను ఆశ్రయిస్తుంది. మోచేతి వద్ద సాగే నాడి దెబ్బతింటే ముందు మొద్దుబారేవి ఆ రెండు వేళ్ళే. ఈ వ్యాధిలో వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని తరతరాలుగా నమ్మారు. 1946లో మన పొరుగునే ఉన్న వేలూరుకు వచ్చిన వైద్యుడు పాల్ బ్రాండ్ అది తప్పని చూపాడు. నొప్పి తెలియక పదేపదే గాయపరచుకోవడమే ఆ నష్టానికి ముఖ్యకారణం.

ఈనాడు దీనికి బహుళ ఔషధ చికిత్స ఉచితంగా లభిస్తుంది. కనుక తల్లిదండ్రులారా, స్పర్శలేని మచ్చ కనిపిస్తే దాచకండి. మధుమేహం ఉన్న పెద్దలకు కూడా అరికాళ్ళు మొద్దుబారవచ్చు. రాత్రి పడుకొనే ముందు వారి పాదాలను ఒకసారి చూడండి.

నేను ఆ బాలుని ఇంటికి వెళ్ళి, తల్లి ఎదుట, మందలించినందుకు క్షమాపణ కోరాను. వ్యాధి నయమైంది. కాని ఆ రెండు వేళ్ళకు స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. అతడు ఈనాటికీ స్నానపు నీళ్ళ వేడిని ఎడమచేతితోనే చూస్తాడు.