పెరట్లో పన్నీరు రోజా



వీధిలోకి మొక్కల బండి వచ్చిందంటే మన చూపు ముందుగా పడేది గులాబీల మీదే. అరచేయంత పువ్వు, కళ్లు చెదిరే ఎరుపు. బేరమాడి కొంటాం, తొట్టిలో పెడతాం, నాలుగు పువ్వులు పూస్తుంది. ఏడాది తిరిగేసరికి అడుగు నుంచి పొడుగాటి కొమ్మలు ఏపుగా లేస్తాయి గాని మొగ్గ అన్నది కనపడదు. "మా ఇంటికి గులాబీ అచ్చిరాదమ్మా" అనేసి ఊరుకుంటాం. అచ్చిరాకపోవటమూ లేదు, దిష్టీ లేదు. అది అంటు కట్టిన మొక్క. పైన పూసేది ఒక రకం, కింది వేరు వేరే మొండి రకం. మనం చూసుకోనప్పుడు ఆ వేరు తన పిలకలు తాను వేసుకుని పైదాన్ని అణగదొక్కేస్తుంది. ఆకులో చిట్టి ఆకులు అయిదా, ఏడా అని లెక్కపెట్టి చూడమంటారు కొందరు. ఆ లెక్క అన్నిసార్లూ నిలవదు. అంటు ముడికి కింద నుంచి వచ్చిందా, పైనుంచి వచ్చిందా, అదొక్కటే చూడండి. కింద నుంచి వస్తే కత్తెరతో కోసి వదలక, మొదలంటా పెరికేయండి.

అయితే నేను ఇవాళ చెప్పదలచింది ఆ బండి గులాబీల సంగతి కాదు. మన అమ్మమ్మల పెరళ్లలో ఉండిన పన్నీరు రోజాను గురించి. మా తంబళ్లపల్లె, మదనపల్లె పక్క గులాబీ అనేకంటే రోజా అనటమే ఎక్కువ లెండి. లేత రంగు, చిన్న పువ్వు, ముద్దగా రేకులు. పొద్దున కోస్తే సాయంత్రానికి వాడుతుంది. అందాల పోటీకి పెడితే ఓడిపోతుంది. కాని జడలో ఒక్క పువ్వు పెట్టుకుంటే పక్క గదిలోని వాళ్లు తలెత్తి చూస్తారు. పైగా ఇది సొంత వేరు మీద బతికే పొద. ఏడాదిలో మళ్లీ మళ్లీ పూస్తుంది.

గులాబీ అన్నది అసలు పువ్వు పేరు కాదు, తెలుసునా? పారసీ భాషలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. పువ్వు నీరు, అంటే పన్నీరే. నీటి పేరు పువ్వుకు స్థిరపడిపోయింది. పన్నీరు రోజా అనే పేరు కింద రెండు మూడు రకాలు చలామణీ అవుతాయి. వాటిలో తోటలవాళ్లు ఎడ్వర్డ్ రోజా అనేది బుర్బన్ జాతిది. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అనే దీవిని అప్పట్లో బుర్బన్ దీవి అనేవారు. అక్కడి రైతులు పొలాలకు కంచెగా రెండు రకాల గులాబీలు వేసుకున్నారు. ఒకటి వాసనకు పేరుపడిన డమాస్కు గులాబీ, ఇంకొకటి ఎడతెగక పూసే చీనా గులాబీ. ఆ కంచెల్లో రెంటికీ కలిసి కొత్త మొక్క పుట్టింది. 1817లో ఆ దీవికి వెళ్లిన బ్రెయోన్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని గుర్తించి 1819లో విత్తనాలు ఫ్రాన్సుకు పంపాడు. అంటే ఇది రాజుగారి తోటలో పుట్టింది కాదు, కంచెలో పుట్టింది. తల్లి నుంచి వాసనా, తండ్రి నుంచి ఓపికా తెచ్చుకున్న పిల్లలాంటిది. ఒక విచిత్రం చూడండి, ఉత్తరాది నర్సరీల్లో ఈ ఎడ్వర్డునే అంటు మొక్కలకు అడుగు వేరుగా వాడతారు. అంత గట్టి వేరు!

మాది వానలు తక్కువైన సీమ. హార్స్‌లీ కొండ మీద చల్లగా ఉంటుంది, అక్కడ పూలు పూశాయంటే వింత లేదు. కింద మా తంబళ్లపల్లెలో ఎండాకాలం వచ్చిందంటే బోర్లు గాలి కక్కుతాయి, ట్యాంకరు కోసం బిందెలు వరుస కడతాయి. అలాంటప్పుడు మగవాళ్లు అడుగుతారు, "తాగను నీళ్లు లేకుంటే రోజాచెట్టుకా?" అని. అడగవలసిన మాటే. అందుకని లెక్క చెబుతాను. వేళ్లూనిన పొదకు వారానికి రెండు బిందెలు చాలు, నడి వేసవిలో మూడు. రోజూ చెంబెడు చెంబెడు పోయటం కంటే వారానికి రెండుసార్లు, లోతుకు దిగేటట్టు పోయటం మేలు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బక్కెట్లో పట్టండి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ లెక్క దానంతటదే సరిపోతుంది. సబ్బు నీళ్లు మాత్రం వద్దు. మొదట్లో చెనిక్కాయ పొట్టు నాలుగు వేళ్ల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, మన పక్క దానికేం కరువు?

బోరు నీళ్లతో ఇంకొక చిక్కుంది. సున్నం పాలు ఎక్కువైన నీళ్లయితే లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. మొక్కకు ఇనుము అందటం లేదన్నమాట. చెనిక్కాయ చేలల్లో రైతులు చేసేదే మనమూ చేయాలి. లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, చల్లపూట ఆకుల మీద చల్లాలి. వారం పది రోజులకు ఇంకోసారి.

ఇక నాటటం. ఉదయపు ఎండ అయిదారు గంటలు తగలాలి, మధ్యాహ్నం మూడు తరువాత నీడ పడితే మరీ మంచిది. వేపచెట్టుకూ, కొబ్బరికీ దూరంగా ఉండాలి. అవి నీళ్లన్నీ తాగేస్తాయి. ఒకటిన్నర అడుగు గుంత, ఎర్రమన్ను, బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ వేయకండి. రెండు పొదలైతే మధ్య మూడడుగులకు పైగా ఎడం ఉండాలి.

మొక్క ఎక్కడ దొరుకుతుంది అంటారా? అదే కష్టం. నర్సరీలో అడిగితే రంగు రంగుల గులాబీలు చూపిస్తారు గాని, సాయంత్రానికి వాడే పువ్వును పెంచటం వాళ్లకు గిట్టదు. ఇది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కొమ్మలుగా వెళ్లవలసిందే. మా పెద్ద ఆడపడుచు వాళ్ల అత్తవారింట్లో అన్నదమ్ముల పంపకాలు జరిగాయి. కొత్త గోడ సరిగ్గా రోజాపొద మీద పడింది. వంటపాత్రలకూ, మంచాలకూ అందరూ మాట పట్టింపులు పడుతుంటే ఆవిడ ఏమీ అడగలేదు. పునాది తవ్వే ముందురోజు సాయంత్రం పన్నెండు కొమ్మలు కోసుకుని తడిగుడ్డలో చుట్టి బస్సెక్కి మా ఇంటికొచ్చింది. అది మే నెల. కొమ్మ నాటకూడని కాలం. పాత కుండ పెంకులో ఇసుక పోసి, నీళ్ల తొట్టి వెనక నీడన పెట్టి, తడి గోనెపట్టా కప్పాం. పదికి పది ఎండిపోయి రెండు బతికాయి. ఒకటి ఆవిడ ఇంటికి వెళ్లింది, ఒకటి మా ఇంట ఉంది. ఆ గోడవతల మరి ఇంకేమీ మిగల్లేదు. అందుకే చెబుతున్నాను, మీ పుట్టింట్లోనో అత్తింట్లోనో పాత పొద ఉంటే ఇల్లు పడగొట్టే మాట వచ్చేదాకా ఆగకండి. వానలు పడి గాలి చల్లబడ్డాక, ముదిరిన కొమ్మ, పెన్సిలంత లావు, జానెడు పొడుగు, మూడు నాలుగు కణుపులు ఉండేట్టు ఏటవాలుగా కోయండి. ఆకులు దులిపి, రెండు వంతులు ఇసుక కలిసిన మట్టిలో దిగేట్టు పాతండి. చిగురు వచ్చింది కదా అని పెరికి చూడకండి. చిగురు ముందు వస్తుంది, వేరు తరువాత. రెండు నెలలు ఓపిక పట్టాలి.

పూయించే రహస్యం కత్తెరలో ఉంది. మనకు పువ్వును తొడిమ దగ్గర తుంచే అలవాటు, మిగిలిన పుల్ల అలాగే ఉంటుంది. అలా కాక, కింద అయిదు చిట్టాకులున్న మొదటి ఆకు దాకా దిగి, దానికి కాస్త పైన కోయండి. ఆరేడు వారాల్లో అక్కడి నుంచి కొత్త కొమ్మ, కొత్త మొగ్గ. వాడిన పువ్వును చెట్టున వదిలితే కాయ కట్టుకుని తరువాతి పూత మందగిస్తుంది. దసరా వెళ్లాక ఒకసారి ఎండు పుల్లలూ, లోపలికి పెరిగిన కొమ్మలూ తీసి, తక్కినవి మూడో వంతు తగ్గించండి. చెనిక్కాయ చెక్క నానబెట్టిన నీళ్లు పలచన చేసి పోయండి. సంక్రాంతికి ముగ్గులో గొబ్బెమ్మలకు కొనవలసిన పని ఉండదు.

తొలకరి పడిన రాత్రుల్లో ఆకులు జల్లెడలా తయారైతే కంగారు పడకండి. చేలల్లో వేరుపురుగు పెట్టే పెంకు పురుగులవి. వేపాకే మేసే జాతి, వేప కషాయానికి భయపడతాయా! రాత్రి భోజనాలయ్యాక టార్చిలైటు పట్టుకుని ఏరి, కిరసనాయిలో సబ్బునీళ్లో ఉన్న డబ్బాలో వేయటమే. పిల్లలకు ఆ పని మహా సరదా. కొన నుంచి కిందికి నల్లబడి ఎండే కొమ్మను పచ్చదనం కనిపించేదాకా కోసి పారేయండి.

పువ్వు ఎండెక్కక ముందే కోయాలి, వాసన అప్పుడే నిండుగా ఉంటుంది. మందు చల్లిన చెట్టు పువ్వులతో మాత్రం గుల్కందు చేయకండి. చల్లనివైతే రేకుల ఎత్తుకు రెట్టింపు చక్కెర, గాజు సీసాలో పొరలు పొరలుగా వేసి, మూడు వారాలు ఎండలో పెట్టి రోజూ ఒకసారి కదపండి. ఇంకొక మాట, ఎవరైనా కొమ్మ అడిగితే లేత కొమ్మ ఇచ్చి పంపకండి, అది కుళ్లిపోతుంది. ఒకసారి పూసి గట్టిపడినదే ఇవ్వండి, ఒకటి కాదు, నాలుగివ్వండి.