టెలిఫోను: దాని మర్మము, మన కర్తవ్యము



మన వార్షిక మహాసభయందు పెద్దలు విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, బీదవిద్యార్థుల సహాయనిధిని గూర్చియు ప్రసంగించుట పరిపాటి. మేము నేడు ప్రసంగింపబూనిన విషయము వానికి వేఱుగా నున్నను, ముఖ్యతయందు వానికి తీసిపోవునది కాదు. ఈ సభ కేతెంచినవారిలో చేతిఫోను లేనివారు మిక్కిలి తక్కువ. దినమునకు నూఱుమాఱులు చేతబట్టుకొను నీ వస్తువుయొక్క లోగుట్టు నెఱుగమి వలన మనవారిలో కొందఱు కష్టార్జితమును పోగొట్టుకొనుచున్నారు. మఱికొందఱు నిష్కారణముగా భయపడుచున్నారు. కావున నీ యంత్రమెట్లు పనిచేయునో తెలిపి, పిదప మన కర్తవ్యమును విన్నవించెదము.

మొదట దీని పూర్వచరిత్ర. 1876వ సంవత్సరము మార్చి 10వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున అలెగ్జాండరు గ్రాహంబెల్లు తంతి మార్గమున తన సహాయకునితో మాటలాడెను. ఆఱేండ్లైనను గడవకమునుపే, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసు పట్టణములందు ఎక్స్ఛేంజీలు వెలసెను. ఆ కాలమున ఎక్స్ఛేంజిలో కూర్చున్న మనిషి చేతితో తంతిని తంతికి తగిలించిననే గాని మాట సాగెడిది కాదు. ట్రంకుకాలు కొఱకు గంటలకొలది కాచుకొనియుండుట మన పెద్దలలో పలువురకు జ్ఞాపకముండును. 1960లో లక్నో, కాన్పూరుల నడుమ ఎస్.టీ.డీ. పద్ధతి మొదలై, మధ్యవర్తి లేకయే దూరపుటూరికి నంబరు త్రిప్పుట సాధ్యమయ్యెను. నంద్యాలకు 08514 అనియు, ఆళ్లగడ్డకు 08519 అనియు ఏర్పడిన సంకేతసంఖ్యలు ఆ పద్ధతియొక్క ఫలములే.

పల్లెలకు టెలిఫోను చేరుటకు ముఖ్యకారణము 1984లో స్థాపింపబడిన సీ-డాట్ అను ప్రభుత్వసంస్థ. వారు మన యెండకును, దుమ్మునకును తట్టుకొని, శీతలయంత్రముతో పనిలేకుండ నడచు 128 లైన్ల ఎక్స్ఛేంజిని నిర్మించి, 1986లో కర్ణాటకదేశమందలి కిత్తూరున నెలకొల్పిరి. పిదప వీధివీధిని పసుపుపచ్చని పలకలతో టెలిఫోను బూతులు వెలసిన కాలము మనమెల్లరము చూచినదే. 1995 జూలై 31వ తేదీన పశ్చిమబెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాముతో చేతిఫోనున మాటలాడుటతో మన దేశమున క్రొత్తయుగ మారంభమయ్యెను. తొలుత వచ్చిన పిలుపునకు సయితము రుసుము చెల్లింపవలసియుండెను. 2003 మే నెలలో ఆ భారము తొలగినపిమ్మట కూలివాని చేతికిని ఫోను వచ్చెను.

ఇక యంత్రమర్మము. నంద్యాలకును ఆళ్లగడ్డకును సుమారు 40 కిలోమీటర్లు. మన కంఠధ్వని గాలిలో క్షణమునకు దాదాపు 340 మీటర్లు పోవును. ఒకవేళ ఆ కేక అంతదూరము వినబడగలిగినను, చేరుటకు రెండు నిమిషములు పట్టును. విద్యుత్తరంగమో, క్షణమునకు మూడులక్షల కిలోమీటర్లు పోవును. కావున ధ్వనిని మోయుట కా తరంగమును వాహనముగా జేసికొనిరి.

ధ్వని తరంగముపై నెక్కుటెట్లు? మన ధాన్యపు వర్తకుడు బస్తానంతయు విప్పి చూడడు. ఇనుపకమ్మి గ్రుచ్చి గుప్పెడు గింజలు తీసి, దానినిబట్టి బస్తాయొక్క గుణమును నిర్ణయించును. టెలిఫోను ఎక్స్ఛేంజియు నట్లే క్షణమునకు 8,000 మాఱులు కంఠధ్వనినుండి మచ్చు తీసి, ప్రతిమచ్చునకు నొక అంకె వేయును. చేతిఫోను ఆ అంకెల నింకను కుదించి, చిన్నచిన్న కట్టలుగా గట్టి పంపును. ఆవలి ఫోను ఆ అంకెలనుండి ధ్వనిని మరల నిర్మించును. మనము వినునది తిన్నగా బంధువుని గొంతు కాదు; అంకెలనుండి తిరిగి పోతపోసిన గొంతు.

కొన్నివందల మంది యొకేవేళ మాటలాడునప్పుడు ఒకరి మాట యింకొకరి మాటలో కలిసిపోదా యని యడుగవచ్చును. సుంకేసుల నుండి వచ్చు కే.సీ. కాలువ నీటిని రైతులు వంతులు వేసికొని పారించుకొనుట మనకు తెలియును గదా. రెండవతరపు చేతిఫోనులలో నొకే తరంగమును ఎనిమిదిమందికి వంతులుగా పంచిరి. ఒక్కొక్కవంతు క్షణములో వెయ్యవభాగముకంటె తక్కువ కాలము గనుక వినువానికి తెంపు తెలియదు. తరువాతి తరములందు పంపకపు రీతులు మాఱినను, ఉన్నదానిని పంచుకొనుటయే మూలసూత్రము.

మఱియొక యుపాయము గలదు. ఒక యూరి దండోరా దూరపుటూరికి వినబడదు గనుక రెండూళ్లయందు నొకేవేళ దండోరా వేయవచ్చును. ఆ రీతినే దేశమును చిన్నచిన్న గదులుగా విభజించి, గదికొక టవరు నిలిపి, దూరపు గదులలో నవే తరంగములను మరల వాడుచున్నారు. ఇంగ్లీషున గదిని సెల్ అందురు; సెల్‌ఫోను అను పేరు దానివలననే వచ్చినది. బస్సులో శిరివెళ్ల మెట్ట మీదుగా ఆళ్లగడ్డకు పోవువాని పిలుపును ఒక టవరు మఱియొక టవరునకు అందించుచు పోవును.

ఇచ్చట నొక భ్రమను తొలగింపవలెను. రెండు ఫోనులు తమలో తాము తిన్నగా మాటలాడుకొనవు. మాట ముందు టవరునకు పోయి, అటనుండి భూమిలోని గాజుతంతుల మార్గమున ఎక్స్ఛేంజికి పోయి, తిరిగి రెండవవాని టవరునకు రావలెను. కావుననే అహోబిలపు లోయలలో కొండ యడ్డమై టవరందనిచోట, పిలుపుదూరమునకు కొంచెమావల నున్న యిరువురు యాత్రికులును ఫోనుమీద మాటలాడలేరు. అట్టిచోట ఫోను టవరును వెదకుటకై బలము హెచ్చించును గనుక బ్యాటరీ త్వరగా తఱుగును. నల్లమల దారులకు పోవువారు ఈ సంగతి నెఱిగి, ముందే తమ జాడ నింటివారికి చెప్పి పోవుట మేలు.

టవరు తరంగములచే రోగములు వచ్చునని కొందఱు భయపడుచున్నారు. ఈ తరంగములు ఎక్సురే కిరణములవలె అణువులను చీల్చునవి కావు. వానికంటె మిక్కిలి బలహీనములు. అయినను జాగ్రత్తకొఱకు మన ప్రభుత్వము 2012లో టవరు తరంగముల పరిమితిని అంతర్జాతీయప్రమాణములో పదవవంతునకు తగ్గించెను. భయముచే టవరును వెళ్లగొట్టిన పల్లెకు, ఆపత్కాలమున 112 నంబరునకు పిలుపు పోవుట దుర్లభమగును.

నిజముగా భయపడవలసినది వేఱొకటి గలదు. ఫోనులోని సిమ్ము బిళ్లయందు నొక రహస్యసంఖ్య దాగియున్నది. ఎక్స్ఛేంజి ఒక ప్రశ్న వేయగా, సిమ్ము ఆ రహస్యముతో లెక్కకట్టి జవాబు మాత్రము చెప్పును. అడిగినది తన కంపెనీయే యైనను రహస్యమును మాత్రము బయటపెట్టదు. గోరంత బిళ్లకున్న యీ వివేకము మనకు లేకపోవుట సిగ్గుచేటు గదా! బ్యాంకివారమనియు, పోలీసులమనియు పిలిచినవానికి మనవారు ఓ.టీ.పీ. సంఖ్యను, పిన్ను సంఖ్యను అప్పగించుచున్నారు. ఫోనుమీద కనబడు నంబరు సయితము పిలుచువాని పక్షమునుండి వచ్చు అంకెయే. మోసగాండ్రు దానిని మార్చి చూపగలరు. నంబరునుబట్టి మనిషిని నమ్మరాదు.

మూడు మాటలు గుర్తుంచుకొనుడు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱలేదు. పిన్ను అడిగిరనిన సొమ్ము పోవుచున్నదనియే యర్థము. ఫోనుమీద మనిషిని నిర్బంధించు పద్ధతి మన చట్టమునందు లేదు. వీడియోలో కనబడి కదలవద్దని బెదిరించువాడు పోలీసు కాడు. సొమ్ము పోయినచో సిగ్గుపడక వెంటనే 1930 నంబరునకు తెలుపవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మాఱి చిక్కకుండ పోవును. ఇంటిగుట్టు బయటపడునని దాచినవారే యెక్కువగా నష్టపడుచున్నారు.

కావున సంఘమువారికి రెండు మనవులు. మొదటిది: ప్రతియూర చదువుకొన్న పిల్లలు నెలకొకదినము వృద్ధులను, స్త్రీలను కూర్చుండబెట్టి యీ సంగతులను చేతితో చేయించి నేర్పవలెను. ఫోను కొనియిచ్చుటతో కొడుకుల ధర్మము తీఱదు. దానిని వాడుట నేర్పిననే తీఱును. రెండవది: కేంద్రమంత్రివర్గము 2022 జూలైలో టవరందని 24,680 గ్రామములకు 4జీ సదుపాయము కల్పించుటకు 26,316 కోట్ల రూపాయల వ్యయము నామోదించెను. మన కొండయంచు పల్లెలలో నెచ్చట పిలుపు పోవదో పట్టిక వ్రాసి, కులభేదము లేక ఆ గ్రామస్థులందఱిచే సంతకములు చేయించి, అధికారులకు విన్నపము పంపవలెను. ప్రసవవేదన పడు తల్లికిని, పాముకాటు తిన్న కాపరికిని ఆ పిలుపే ప్రాణము.

ఆళ్లగడ్డ శిల్పి కైనను రాతి వాలు తెలియక ఉలి వేసిన బొమ్మ పగులును. యంత్రమును తెలియక వాడువాని గతియు నట్టిదే. తెలిసి వాడుకొనుడు, తెలియనివారికి తెలుపుడు అని ప్రార్థించుచున్నాము.