వాతావరణము, శీతోష్ణస్థితి



మృగశిరకార్తె ప్రవేశింపగనే రైతు ఆకాశమువైపు చూచును. ఆ చూపునందు రెండు ప్రశ్నలు గలవు. వర్షకాలము వచ్చినదా యనునది మొదటిది. నేడు వాన కురియునా యనునది రెండవది. భూగోళశాస్త్రమున మొదటిది శీతోష్ణస్థితికి, రెండవది వాతావరణమునకు సంబంధించిన ప్రశ్న. ఈ భేదము నెఱిగిన విద్యార్థికి పాఠము సగము వచ్చినట్లే.

ఒకచోట ఒకనాటి యెండ, గాలి, తేమ, మబ్బు, వాన వీని కలయికయే వాతావరణము. అది ఉదయ మొకరీతిని, సాయంకాల మొకరీతిని ఉండవచ్చును. అట్టి దినముల లెక్క లనేక సంవత్సరములు వ్రాసియుంచి, సగటు కట్టి చూచినప్పుడు తేలునది శీతోష్ణస్థితి. ఇందులకు ప్రపంచ వాతావరణ సంస్థ 30 సంవత్సరముల కాలమును ప్రమాణముగా గ్రహించినది. మన పెద్దల కార్తెల లెక్కయు తరతరముల అనుభవమువలన గలిగిన శీతోష్ణస్థితి జ్ఞానమే. ఏరువాక యే దినములలో సాగవలెనో కార్తె చెప్పును. రేపు వాన పడునో లేదో చెప్పజాలదు.

శీతోష్ణస్థితి ప్రాంతమునకొక తీరుననుండుటకు కారణములు గలవు. వేసవిలో నేల సముద్రముకంటె త్వరగా వేడెక్కును. నేలపై గాలి తేలికయై పైకి లేచుటచే అల్పపీడన మేర్పడును. సముద్రముమీది తేమగాలి ఆవైపునకు మరలును. నైరుతి ఋతుపవనమునకు ఇది ముఖ్యకారణము. ఆ గాలి జూన్ 1 ప్రాంతమున కేరళతీరము చేరి, పడమటి కనుమల కెదురై పైకెక్కి, చల్లబడి వర్షించును. కనుమల యంచుననున్న ఆగుంబెలో ఏటికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. కనుమలు దాటి దిగు గాలిలో తేమ తగ్గిపోవును. ఆ వర్షచ్ఛాయలోనున్న అనంతపురమునకు బంగాళాఖాతమును దూరమే. అందుచే అచట సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే.

ఆ 550 మిల్లీమీటర్లు ఎప్పుడెప్పుడు కురియునో సగటు తెలుపదు. తొలకరికే వేరుసెనగ విత్తిన పిదప ఇరువది దినములు చినుకు లేకున్నచో మొలకలు మాడును. విత్తనపు ఖర్చు అప్పుగా మిగులును. కావున రైతునకు శీతోష్ణస్థితి జ్ఞానముతోపాటు నాటినాటి వాతావరణ సూచనయు అవసరము.

సముద్రతీరమున ఇది ప్రాణములకు సంబంధించిన విషయము. అక్టోబరు, నవంబరు మాసములు బంగాళాఖాతమున తుపానుల కాలమని శీతోష్ణస్థితి పాఠము చెప్పును. ఏ తుపాను ఏనాడు ఏ తీరము దాటునో నాటి వాతావరణ పరిశీలనయే చెప్పవలెను. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి సుమారు పదివేలమందిని బలిగొన్నది. 1983లో ప్రయోగింపబడిన ఇన్సాట్-1బి ఉపగ్రహము మేఘముల చిత్రములను పంపసాగెను. 1990 మే మాసమున మఱియొక భయంకరమైన తుపాను కృష్ణాతీరమును తాకినప్పుడు లక్షమందికి పైగా జనులను ముందే తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోబడెను. ఆ వేయి ప్రాణములును విలువైనవే. అయినను ముందు తెలిసికొని, తెలిసినదానిని నమ్మి కదలుటవలన కలుగు మేలు ఇందు స్పష్టము.

శీతోష్ణస్థితియు స్థిరమైనది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధముతో పోల్చినచో భూగోళపు సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్‌కు పైగా పెరిగినది. తాతల అనుభవమును గౌరవించుచునే నేటి లెక్కలను చూచుకొనవలసిన కాలమిది.

ఆ లెక్క గ్రామముననే ఆరంభింపవచ్చును. అడుగునుండి మూతివఱకు ఒకే వెడల్పుగల గాజుపాత్రను చెట్టునకు, గోడకు దూరముగా ఆరుబయట నుంచి, ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు అందలి నీటి యెత్తును మిల్లీమీటర్లలో కొలిచి పుస్తకమున వ్రాయవలెను. పిమ్మట నీటిని పారబోయవలెను. వానలేని నాడు సున్న వ్రాయుట మఱువరాదు. ఆ సున్నలే అనావృష్టికి సాక్ష్యములు.

ఈ గ్రంథాలయము వెలసిన నాడే అట్టి పుస్తకమొకటి తెఱచియుండినచో నేటికి 25 ఏండ్ల లెక్క బీరువాలో నుండెడిది. నేడు తెఱచినచో, 30 ఏండ్లు నిండునాటికి ఈ గ్రామపు వానల సగటు ఈ గ్రామపు బిడ్డల చేతివ్రాతలోనే లభించును. రజతోత్సవ దినమున గ్రంథాలయమునకు విద్యార్థు లీయదగిన కానుక అదియే.