బత్తా కట్టలేదు, అప్పీలు పోయింది

 

ఈ రోజు కోర్టు సంగతి ఒకటి చెప్పుకుందాం. న్యాయం మన వైపే ఉన్నా, ఒక్కోసారి కేసు పోతుంది. ఎందుకు పోతుంది? కోర్టు చెప్పిన చిన్న పని గడువులో చెయ్యక పోతుంది.

ఒక అక్క భర్త లారీ గుద్ది చనిపోయాడనుకోండి. ఆమెకు ఇద్దరు పిల్లలు. అక్క మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేసింది. ట్రిబ్యునల్ నష్టపరిహారం ఇమ్మంది. కాని భర్త సంపాదన తక్కువగా లెక్క కట్టింది. ఇలాంటప్పుడు హైకోర్టుకి వెళ్ళొచ్చు. దాన్నే అప్పీలు అంటారు. తీర్పు వచ్చిన 90 రోజుల్లో అప్పీలు వెయ్యాలి.

అక్క అప్పీలు వేసింది. కోర్టు ఇలా చెప్పింది: "లారీ యజమానికి, ఇన్సూరెన్సు కంపెనీకి నోటీసులు పంపాలి. రెండు వారాల్లో బత్తా కట్టండి. కట్టకపోతే అప్పీలు కొట్టేసినట్టే."

బత్తా అంటే నోటీసు పంపడానికి అయ్యే ఖర్చు. అది పెద్ద డబ్బు కాదు. కాని వకీలు గారి గుమస్తా మరిచిపోయాడు. అక్కకు కబురు అందలేదు. రెండు వారాలు దాటాయి. అప్పీలు పోయింది.

భర్త ఎంత సంపాదించేవాడో కోర్టు చూడనే లేదు. పిల్లల సంగతి విననే లేదు. అక్కేమో కేసు ఇంకా నడుస్తోందనే అనుకుంటోంది.

కోర్టు ఇంత గట్టిగా ఎందుకు ఉంటుంది? ఎదుటివాళ్ళకు చెప్పకుండా వాళ్ళ మీద తీర్పు ఇవ్వకూడదు. అందుకే నోటీసు. అది పంపించే పని కేసు వేసినవాళ్ళదే.

మరి అక్క ఏం చెయ్యాలి? అప్పీలు మళ్ళీ తీసుకోండని దరఖాస్తు పెట్టుకోవాలి. కొట్టేసిన రోజు నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. గడువు దాటితే ఆలస్యం ఎందుకైందో చెప్తూ ఇంకో దరఖాస్తు పెట్టాలి. కారణం నిజమైనదిగా ఉండాలి. అయినా కోర్టు ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు. అందుకే అంతదాకా రానివ్వకూడదు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. అందులో ఇవి రాసుకోండి.

కేసు నంబరు ఎంత?
వచ్చే వాయిదా ఎప్పుడు?
కోర్టు ఏ పని చెయ్యమంది?
ఏ తేదీ లోపల చెయ్యాలి?

వకీలు గారిని అడగడానికి మొహమాటపడకండి. బత్తా కట్టారా, రసీదు ఏదీ అని అడగండి. ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా వెంటనే చెప్పండి.

వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదా? 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళు ఉచితంగా వకీలును అడగొచ్చు. ఆదాయం ఎంతన్నది చూడరు. జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. అక్కడ దరఖాస్తు ఇవ్వండి. 15100కి ఫోను చేసినా దారి చెప్తారు.

కోర్టు కాగితం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. అయినా భయపడొద్దు. అంకెలు మీకు వచ్చు. కాగితాన్ని ట్రంకు పెట్టెలో దాచేయకండి. ముందు తేదీ వెతకండి. దాని కింద గీత గీయండి. ఆ తేదీ రాకముందే వకీలు దగ్గరికి వెళ్ళండి.