పెట్టె వచ్చింది, పక్కన మనిషేడీ?

(ఏలూరులో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కళాశాల అధ్యాపకులు కొత్త పరికరాలతో పాఠం చెప్పడం గురించి మాట్లాడమన్నారు. ముందు నా సంగతి ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినవాణ్ణి. మా కళాశాలకు ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు వచ్చిన కొత్తలో, పిల్లల ముందు స్విచ్చి వెతుక్కోవడం నామోషీ అనిపించి, "నాకు సుద్దముక్క చాలు" అని గొప్పగా ప్రకటించాను. అది భయం. ఆ భయం పోగొట్టింది మా ల్యాబ్ అటెండరు గారు. సాయంత్రాలు తలుపు వేసి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి, నాలుగు రోజుల్లో నేర్పారు. తర్వాత బల్బు మాడింది, కొత్తది మంజూరు కాలేదు. అది వేరే కథ.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 1984 ఆగస్టు 15న యు.జి.సి. వారు దూరదర్శన్‌లో కళాశాల పాఠాలు మొదలుపెట్టారు. 2004 సెప్టెంబరు 20న చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపారు. 2017లో స్వయం వచ్చింది. పాఠం ఆకాశం నుంచి దిగింది గాని, టీవీ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక వరండాలో నిలబడ్డ రోజులు నాకు గుర్తే.

2020 మార్చిలో కళాశాలలు మూతపడ్డాయి. తాడేపల్లిగూడెం వైపు జువాలజీ చెప్పే నా పాత శిష్యురాలు కొన్నాళ్ళకు ఫోన్ చేసింది. "మాస్టారూ, యాభై నిమిషాలు ఫోనుతో మాట్లాడాను. ఒక్కరైనా విన్నారో లేదో తెలీదు" అని ఏడ్చినంత పని చేసింది. హాస్టళ్ళు మూసేశాక ఆమె పిల్లలు కొందరు కొల్లేటి లంకల్లో ఇళ్ళకు చేరారు. ఇంటికొక్క ఫోను, అదీ తండ్రితో చెరువు గట్టుకు పోతుంది.

ఆదుకున్నది వాళ్ళ కళాశాలలోనే కంప్యూటర్లు చెప్పే కుర్రవాడు. "ఆరు నిమిషాల ముక్కలు చేయండి మేడం. సిగ్నల్ అందనివాళ్ళకు మాట ఒక్కటే పంపుదాం" అన్నాడు. ఆ గట్టు మీది ఫోనే పనికొచ్చింది. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఎండ లేనప్పుడు నాచు దాన్ని తయారుచేయదు సరికదా, చేపలతోపాటు తానూ వాడుకుంటుంది. పదకొండు గంటల క్లాసులో ఇది చూపించలేం. ఒక లంక పిల్లవాడు చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే వేకువనే తీసి పంపాడు. ఆవిడ దానిమీదే పాఠం చెప్పింది. అన్నాళ్ళూ నోరెత్తని పిల్లలు ఆ రోజు ప్రశ్నలడిగారట.

ఆ కుర్రవాడికి క్లాసు ఒక్కటీ తగ్గలేదు. ఈ సాయమంతా రాత్రి పదింటికి. రెండు రోజుల శిక్షణ, భోజనం, సర్టిఫికెట్టు నేనూ అందుకున్నాను. వారం తిరక్కుండా మైకు మూగబోతే సర్టిఫికెట్టు పలకదు కదా! అందుకే మన తీర్మానంలో డి.ఏ. బకాయిల కింద ఇంకొక్క వాక్యం చేర్చమని కోరుతున్నాను. తోటివారికి నేర్పే అధ్యాపకుడికి వారానికి నాలుగు గంటల బోధన తగ్గించాలి. నేర్పేది అటెండరైతే ఆ పనికి భత్యం ఇవ్వాలి.

మా అటెండరు గారు ఇవాళ మూడో వరుసలో కూర్చున్నారు. ఎవరికీ చెప్పనన్న మాట ఆయన ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నారు. నేనే చెప్పేశాను. సెలవు.