ముందు బతకాలి, తర్వాతే మానడం

(అనకాపల్లిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మత్తు గురించి మాట్లాడమంటే మన ఊళ్లో ఎవరికైనా మొదట గంజాయే గుర్తొస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఇక్కడికి దగ్గర్లోనే, కోడూరులో, పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయిని పోగుపెట్టి తగలబెట్టారు. ఏజెన్సీ నుంచి దిగే దారిలో ఉన్నాం కనుక గంజాయి కేసులు, అరెస్టులు మనకు అలవాటైపోయాయి. అయితే ఈ రోజు నేను మాట్లాడేది ఇంకో మత్తు గురించి, నల్లమందు జాతి మందుల గురించి. నల్లమందు, మార్ఫిన్, హెరాయిన్ ఈ కోవలోవి. నొప్పి తగ్గడానికి డాక్టర్లు ఇచ్చే పెంటజోసిన్ ఇంజెక్షన్, ట్రమడాల్ మాత్ర కూడా ఈ కోవలోవే. విశాఖలో దొంగచాటుగా అమ్ముతున్న పెంటజోసిన్ ఇంజెక్షన్లను పట్టుకున్న వార్తలు ఈ మధ్య సంవత్సరాల్లో మీరంతా చదివే ఉంటారు.

కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత దేశమంతటా సర్వే చేయించి 2019లో నివేదిక ఇచ్చింది. నల్లమందు జాతి మత్తు వల్ల సహాయం అవసరమైన స్థితికి చేరినవాళ్లు దేశంలో సుమారు 77 లక్షల మంది అని లెక్కవేసింది. ఈ సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో పంజాబ్, ఉత్తరప్రదేశ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. ఇది ఎక్కడో పంజాబులో గొడవ, మనకేం అనుకోవడానికి లేదు.

నేను చేసిన ఒక తప్పు మీ ముందు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక తల్లి మా సంఘానికి వచ్చింది. బెల్లం మార్కెట్లో కూలి చేసుకునే మనిషి. కొడుకు ఇంజెక్షన్లకు అలవాటుపడ్డాడు. చేతుల నిండా పుళ్లు. ఇంట్లో బిందెలు కూడా అమ్మేశాడు. "ఆడు దొంగ కాదమ్మా, ఆడి ఒంట్లో ఏటో దూరింది. ఏటి సెయ్యమంతావు?" అని అడిగింది. ఆవిడ రోగం గురించి అడిగితే నేను క్రమశిక్షణ గురించి చెప్పాను. గట్టిగా ఉండమన్నాను. బలవంతంగానైనా ఒక ప్రైవేటు సెంటర్లో పడెయ్యమన్నాను. అప్పు చేసి చేర్చింది. మూడు నెలలు గదిలో పెట్టి తాళం వేశారు. వైద్యమంటూ ఏమీ లేదు. బయటికి వచ్చిన నాలుగో రోజున పాత మోతాదే ఎక్కించుకుని ఆ అబ్బాయి చచ్చిపోయాడు.

తర్వాత ఒక డాక్టరమ్మ నాకు విషయం వివరంగా చెప్పింది. రోజూ వాడేవాడి ఒళ్లు ఆ మోతాదుకు అలవాటుపడుతుంది. కొన్ని వారాలు మానితే ఆ అలవాటు పోతుంది, కోరిక మాత్రం పోదు. అప్పుడు పాత మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అందుకే జైలు నుంచి, సెంటర్ నుంచి బయటికి వచ్చిన మొదటి వారాలే అన్నిటికంటే ప్రమాదమైనవి. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసి ఉంటే ఆ తల్లికి ఇంకో సలహా ఇచ్చి ఉండేదాన్ని.

మనం ఎందుకిలా ఆలోచించాం? సారా ఉద్యమం నుంచి వచ్చినవాళ్లం మనం. 1992లో దూబగుంట ఆడవాళ్లు లేచారు, 1993లో సారా నిషేధమైంది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ పోరాటం మనకు గర్వకారణం. సారా వేలం పాటల వెనుక ఉన్న ప్రభుత్వ ఆదాయాన్ని, కాంట్రాక్టర్లను మనం నిలదీశాం. కానీ తాగుడుకు బానిసైన మనిషికి వైద్యం ఎక్కడ అనే ప్రశ్నను మనలో చాలామందిమి అంత గట్టిగా అడగలేదు. దుకాణం మూస్తే జబ్బు నయమవుతుందని అనుకున్నాం. అమ్మేవాడి మీద రావలసిన కోపం వాడేవాడి మీదకు మళ్లింది.

మణిపూర్ చూడండి. అక్కడి ఆడవాళ్లు 1970ల చివర్లోనే కాగడాలు పట్టుకుని రాత్రిళ్లు మద్యానికి వ్యతిరేకంగా గస్తీ తిరిగారు. తర్వాత బర్మా సరిహద్దు దాటి హెరాయిన్ వచ్చింది. వాడే కుర్రవాళ్లను కొట్టారు, జైళ్లలో పెట్టారు. భయంతో వాళ్లు చాటుకు వెళ్లి ఒకే సూదిని పదిమంది వాడారు. 1990 నాటికి పరీక్షించిన వాళ్లలో దాదాపు సగం మందికి హెచ్‌ఐవి తేలింది. వాళ్ల నుంచి భార్యలకు వచ్చింది. శిక్ష వల్ల మత్తు ఆగలేదు సరికదా, ఏ పాపం తెలియని ఆడవాళ్ల ఒంట్లోకి జబ్బు చేరింది.

అక్కడ నేర్చుకున్న పాఠాన్నే హాని తగ్గించడం అంటున్నారు. మానేవరకూ మనిషిని బతికించి ఉంచడమే దాని అర్థం. అందులో మొదటిది శుభ్రమైన సూది ఇచ్చి వాడిన సూది తిరిగి తీసుకోవడం. రెండోది బుప్రెనార్ఫిన్ మాత్రను ఆరోగ్య కార్యకర్త కళ్లెదుట నాలుక కింద పెట్టించడం. దానితో ఒళ్లు నొప్పులు, వాంతులు, వణుకు తగ్గుతాయి, సూది అవసరం తగ్గుతుంది, మనిషి పనికి వెళ్లగలుగుతాడు. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో నడిపే కేంద్రాలలో ఇది ఉచితం. మూడోది నలాక్సోన్. మోతాదు ఎక్కువై ఊపిరి ఆగుతున్న మనిషిని వెనక్కి తెచ్చే మందు. దగ్గర ఉన్న బంధువులు, స్నేహితుల చేతికి కూడా దీన్ని అందించి వాడడం నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది.

"మరి ఇది ప్రోత్సహించడం కాదా?" అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. షుగరు జబ్బు మనిషి స్వీటు తిన్నాడని ఇన్సులిన్ ఆపేస్తామా? సూది ఇచ్చే కేంద్రానికి వచ్చేవాడు కనీసం మనిషి మొహం చూస్తాడు, పరీక్షలు చేయించుకుంటాడు, వైద్యం మాట వింటాడు. తరిమేస్తే శవమై కనిపిస్తాడు.

చట్టం కూడా కొంత మన వైపు ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వాడకాన్ని నేరమే అంటుంది. కానీ అందులోనే 64ఎ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్ది పరిమాణం దగ్గరున్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట వైద్యానికి వెళ్లి, దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. 2017 హెచ్‌ఐవి చట్టం 22వ సెక్షన్ ప్రకారం హెచ్‌ఐవి సోకకుండా శుభ్రమైన సూదులు పంచడం నేరం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది, రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మన దగ్గరకు వచ్చే తల్లులకు ఈ మూడూ తెలియాలి.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. ఈ మందులకు అలవాటుపడిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఏ కేంద్రానికీ రారు. వస్తే పిల్లల్ని లాక్కుంటారేమోనని, బజారున పడతామేమోనని భయం. గర్భంతో ఉన్న మనిషిని ఒక్కసారిగా మాన్పిస్తే బిడ్డకే ప్రమాదం, ఆమెకు డాక్టరు పర్యవేక్షణ కావాలి. ఇక భర్త వ్యసనం వల్ల అప్పు, దెబ్బలు, జబ్బు మోసే భార్యకు "ఓర్చుకో, రోగి కదా" అని ఎవరూ చెప్పకూడదు. అతనికి వైద్యం హక్కు, ఆమెకు రక్షణ హక్కు. ఒకటి అడిగితే రెండోది వదులుకున్నట్టు కాదు.

అనకాపల్లి 2022లో జిల్లా అయింది. పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకు ఎక్కడెక్కడి నుంచో కుర్రవాళ్లు వచ్చి గదుల్లో ఒంటరిగా ఉంటున్నారు. మనం అడగవలసినవి ఇవి. బుప్రెనార్ఫిన్ వైద్యం మనవాళ్లకు దగ్గర్లో, రోజూ అందాలి. 108 వాహనంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నలాక్సోన్ ఉండాలి. ప్రైవేటు సెంటర్లను తనిఖీ చేయాలి. చీటీ లేకుండా ఇంజెక్షన్లు అమ్మే మందుల షాపుల మీద చర్య ఉండాలి.

అడిగినవి వచ్చేలోపు మనం చేయగలిగినవీ ఉన్నాయి. పెదవులు నీలంగా మారి, కంటిపాప సూదిమొనంత అయి, గురక లాంటి చప్పుడుతో మనిషి పడి ఉంటే నిద్రపోతున్నాడని వదలకండి. 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సు వచ్చేదాకా దగ్గరే ఉండండి. సెంటర్ నుంచి, జైలు నుంచి వచ్చినవాడి ఇంటికి మొదటి వారంలోనే వెళ్లండి. పాత మోతాదు ప్రాణం తీస్తుందని అతనికీ, ఇంట్లోవాళ్లకీ చెప్పండి. ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446 నంబరు ప్రతి డ్వాక్రా సంఘం పుస్తకంలో రాసి పెట్టించండి.

ఆ తల్లి ఇప్పటికీ మార్కెట్లో కనిపిస్తుంది. నన్ను ఒక్క మాట అనలేదు. పోయినసారి మాత్రం తన వీధిలో ఇంకో కుర్రాడి సంగతి చెప్పి, "ఈడినైనా బతికించమ్మా" అంది. వచ్చే సోమవారం మేం ముగ్గురం ఆ ఇంటికి వెళ్తున్నాం. మీలో రాగలిగినవాళ్లు రండి.